మ్యూనిక్‌ను తప్పించే దారి

ఈ జిప్పు ఇవాళ నా మాట వినదు, సూది ఒకచోట పెడితే ఇంకోచోట దిగుతుంది, విప్పి మళ్ళీ మొదటినుంచి వేద్దామంటే కళ్ళు గుడ్డ మీద నిలవడం లేదు, దారపుండల డబ్బాకు ఆనించి నిలబెట్టిన ఫోను మీదకే పోతున్నాయి, అందులో మళ్ళీ అదే పేరు, మ్యూనిక్. బుడాపెస్ట్ నుంచి పారిస్‌కు చవక టికెట్ అడిగితే మ్యూనిక్‌లో దిగి మారమంటుంది, వెనిస్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కు అడిగినా మ్యూనిక్కే, యూరప్‌లో ఉన్న రైళ్ళన్నీ కూడబలుక్కుని అక్కడికే వెళ్ళి కాఫీ తాగుతాయా ఏమిటి. ఫలానా ఊరి మీదుగా పోవాలి అని అడగడానికి ఒక చిన్న గడి ఉంది, ఫలానా ఊరు తగలకుండా పోవాలి అని అడగడానికి లేదు, ఇది తయారుచేసినవాడికి అక్కచెల్లెళ్ళు ఉండి ఉండరు. మ్యూనిక్ తగలని దారి లేకపోలేదు, ల్యుబ్ల్యానా మీదుగా ట్రియెస్టే, అక్కడినుంచి వెనిస్, మిలాన్, కొండ కింద సొరంగంలోంచి స్విట్జర్లాండ్, కానీ అక్కడ ఒక్క రాత్రి గదికి అడిగే డబ్బుతో సెర్బియాలోని మా ఈ సుబోటిత్సాలో నేను నెల్లాళ్ళు మాంసం వండుకోవచ్చు. ముక్కెక్కడుందంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టు. కింద ఎర్రక్షరాల్లో బెదిరిస్తున్నాడు, ఈ ధరకు రెండు సీట్లే మిగిలాయట, పొద్దున నాలుగున్నాయి, ఎవరో ఇద్దరు నా కిటికీ పక్కన కూర్చుని నా వెనిస్‌కు వెళ్ళిపోయారన్నమాట. కాలు మిషను మీద ఊరికే ఆడుతోంది, దారం లేకుండానే నాలుగు కుట్లు పడ్డాయి, బట్టకు చిల్లులు.

నవంబరు ప్రయాణానికి మంచిది, గదులు చవక, రైళ్ళు చవక, టూరిస్టులు ఇళ్ళల్లో పడుకుని ఉంటారు, ఇవన్నీ నేను వేసవంతా చదివి తెలుసుకున్నవి. రాత్రి రైల్లో కూర్చునే నిద్రపోతే ఒక గది అద్దె మిగులుతుంది, రొట్టె, పొగబెట్టిన మాంసం ఇంటినుంచి మోసుకుపోతే రెండు పూటలు మిగులుతాయి, స్టేషన్ పక్కనున్న పాత హాస్టళ్ళలో కుర్రకారుతో పాటు పైబెర్తులో పడుకోవడానికి నాకేం నామోషీ లేదు, మోకాళ్ళకే ఉంది. దుకాణం మూసే నెల కాదు నవంబరు, చలికోట్ల జిప్పులన్నీ ఆ నెల్లోనే ఊడతాయి, ఊడితే ఊడనీ. ఒబ్రాద్ మాత్రం రైలన్న మాటకే ముఖం ముడుస్తాడు, నా మొగుడు జన్మంతా బస్సు నడిపి రిటైరైనవాడు, స్టీరింగు లేని బండిని బండిగా లెక్కేయడు. పొద్దున కాఫీ దగ్గర కూడా అదే గొడవ.

“రైలేమిటే రైలు? పట్టాలు ఎటు లాగితే అటు పోయేదానికి మళ్ళీ టికెట్టొకటి. సాయంత్రం మార్కెట్ వెనక బస్సెక్కి పడుకున్నావంటే తెల్లారేసరికి మ్యూనిక్. సగం ఖర్చు కూడా కాదు.”

“మ్యూనిక్ ఎవరడిగారు? నాకు వెనిస్ కావాలి.”

“ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఇంకో దారి,” అని గొణుక్కుంటూ కప్పులు కడగడానికి లేచాడు, కడిగేటప్పుడు వీపు నా వైపు పెట్టి, “వెనిస్‌లో మీవాళ్ళెవరున్నారు?” అన్నాడు. నేను కోటు వేసుకుని దుకాణానికి వచ్చేశాను, గొడుగు మరిచిపోయాను, ఇప్పుడు వాన.

ఆ బస్సు సంగతి నాకు తెలియకా. రోజూ పోతుంది, ఏళ్ళ తరబడి పోతోంది, ఊరగాయ జాడీలు, రకియా సారా సీసాలు, పందిమాంసం సాసేజిలు, జర్మనీలో గిన్నెలు కడిగే మా వాళ్ళందరి సామాన్లూ దాని కడుపులో వేసుకుని పోతుంది, ఏ మంగళవారమో బుద్ధి పుట్టి చేతిసంచితో ఎక్కేసి ఉంటే మర్నాడు పొద్దున్నే అక్క గుమ్మంలో ఉండేదాన్ని. అంత సులువు కాబట్టే ఎక్కలేదు. నేను బస్సెక్కకపోవడానికి చూపించగలిగే కారణం ఒక్కటీ లేదు, అందుకనే ఈ రైళ్ళు, ఈ అయిదు ఊళ్ళు, ఈ సొరంగాలు. ఒక్క ఊరు తప్పించడానికి అయిదు ఊళ్ళు తిరగాలా అని ఒబ్రాద్ నోటితో అనలేదు, వీపుతో అన్నాడు. ఇదిగో, మళ్ళీ ఫోను చీకటైంది, వేలితో తట్టి లేపాను, రెండు సీట్లు, ఇంకా ఉన్నాయి.

అసలు ఈ పిచ్చి ఇద్దరిదీ, నా ఒక్కదానిదీ కాదు. నాన్న బడిలో బంట్రోతు, అంచులు చిరిగిపోయాయని బడివాళ్ళు పారేసిన యూరప్ పటం ఒకటి ఇంటికి తెచ్చి మా గదిలో మంచం పైన కొట్టాడు, మేమిద్దరం మంచం మీద నిలబడి గుండుసూదులు గుచ్చి ఊరినుంచి ఊరికి ఎర్రదారం లాగేవాళ్ళం, స్మిల్యానా అక్క లిస్బన్ దాకా లాగేది, నేను దారం అయిపోతుందని భయపడి వెనిస్‌లో ఆపేసేదాన్ని, “పిసినారి మొహమా, దారానిక్కూడానా!” అని నెత్తిన మొట్టేది. అప్పట్లో మా దేశపు ఎర్ర పాస్‌పోర్టు చేతిలో ఉంటే మమ్మల్ని ఆపే సరిహద్దు లేదు, జీన్స్ ప్యాంటుకోసం జనం ట్రియెస్టే పోయి సాయంత్రానికి తిరిగొచ్చేవాళ్ళు, కుర్రవాళ్ళకు ఒకే టికెట్టుతో నెలంతా ఏ దేశంలో ఏ రైలైనా ఎక్కే వీలుండేది. ఇద్దరికీ ఆ టికెట్ల డబ్బు సంపాదించుకొస్తానని అక్క ముందుగా మ్యూనిక్ వెళ్ళింది, హోటల్లో దుప్పట్లు ఉతికే పని, ఒక్క వసంతం చేసి వచ్చేస్తానంది. ఆ వేసవిలోనే యుద్ధం మొదలైంది. జాగ్రెబ్ పోయే రైలు ఆగిపోయింది, ఇవాళ్టికీ లేదు, తర్వాత వీసాలు, తర్వాత పెట్రోలు లేదు, తర్వాత ఏదీ లేదు, ఆ పటంలో ఉన్న మా దేశం కూడా ముక్కలైపోయి ఇప్పుడు లేదు. అక్క అక్కడే ఉండిపోయి హెల్ముట్‌ను చేసుకుంది, మంచివాడే, ముందు చెప్పకుండా తన ఇంటికి ఎవరైనా వస్తే గడియారం చూస్తాడు, అంతే.

గుమ్మంలో గొంతు వినబడగానే చటుక్కున ఫోను బోర్లించాను, దొంగసొత్తు దాచుకున్నట్టు. పక్కసందు మిలేవాగారు, మనవరాలి స్కర్టు పట్టుకొచ్చారు, అంచు దింపాలట, వాన మీద, టమాటాల ధర మీద నాలుగు మాటలయ్యాక అసలు మాట బయటికొచ్చింది.

“యూరప్ చుట్టి రాబోతున్నావటగా, ఒబ్రాద్ చెప్పాడు. మ్యూనిక్ మీదుగానేగా?”

“ఇంకా అనుకోలేదండీ.”

“అనుకోవడానికేముంది? తోడబుట్టినదాని ఊరు దాటి పోతూ గుమ్మం తొక్కకుండా పోతామా? మా మరిది ఒకసారి అలాగే మా ఊరిమీదుగా సముద్రానికి పోయాడు, ఆగకుండా. పోయినవాడు పోయాడు గానీ, వాడి పెళ్ళాం పేరు కూడా నేనిప్పటికీ ఎత్తను.” అలా అని, ఎత్తను అన్న ఆ పేరునే మూడుసార్లు ఎత్తి, స్కర్టు పెట్టి వెళ్ళిపోయారు. ఇదీ మా చోటి పద్ధతి. రైలు కిటికీలోంచి చూసినా చాలు, ఊరు దాటినట్టే లెక్క, దాటి ఆగకపోతే చెంపదెబ్బ కొట్టినట్టే లెక్క, అందుకే నాకు మ్యూనిక్‌లో రైలు మారడం కూడా కుదరదు, ప్లాట్‌ఫారం మీద కాఫీ కప్పుతో నిలబడి, పది వీధుల అవతల అక్క ఉందని తెలిసి, మళ్ళీ రైలెక్కి పోవడం నాచేత కాదు. ఆగడమూ చేత కాదు. ఎందుకంటే నన్ను రమ్మనలేదు.

రమ్మనలేదు. ఈ మాట నేనే అనుకుంటున్నానా? నవ్వొస్తోంది, ఏడుపూ వస్తోంది, ఇది అక్క మాట, నా నోట్లోకి ఎలా వచ్చి కూర్చుందో. నాన్న చనిపోయిన ఏడాది నవంబరులో మా స్లావా వచ్చింది, మా ఇంటి పండుగ, తాతల నాటినుంచి దేవదూత అరాంజెల్ పేరుమీద కొవ్వొత్తి వెలిగించే రోజు. ఆ కొవ్వొత్తి తండ్రినుంచి కొడుక్కి పోవాలి, ఆడపిల్లలు మొగుడి ఇంటి పండుగ చేసుకోవాలి, ఒబ్రాద్‌వాళ్ళది డిసెంబరులో, అది నేను చేస్తూనే ఉన్నాను. మా నాన్నకు కొడుకుల్లేరు. ఆరిపోనివ్వాలా? మేనత్తలందరూ ముక్కున వేలేసుకున్నా సరే నేను నా ఇంట్లో వెలిగించాను, రొట్టె చేశాను, గోధుమలు మాత్రం ఉడికించలేదు, అవి చనిపోయిన సాధువులకు, మా దేవదూత బతికే ఉన్నాడు కదా. తలుపు తీసిపెట్టి కూర్చున్నాను. పిలవని పేరంటానికి పోకూడదంటుంది లోకం, మాది పిలవని పేరంటమే, స్లావాకు ఎవరూ ఎవర్నీ పిలవరు, పిలిస్తే తప్పు, వచ్చేవాళ్ళకు తెలుసు, వస్తారు, కూర్చుంటారు, పెట్టింది తింటారు. మేనత్తలు కూడా వచ్చారు, ముక్కుమీద వేలు తీసి మాంసం కూరిన క్యాబేజీ చుట్టలు తిన్నారు. అక్క రాలేదు. చీకటిపడేదాకా దాని ప్లేటు తియ్యలేదు నేను. మర్నాడు అది ఫోన్ చేసింది.

“పండగ బాగా జరిగిందటగా.”

“జరిగింది. నువ్వు రాలేదేం?”

“నువ్వు రమ్మన్నావా?”

“స్లావాకు రమ్మనేదేమిటే? నువ్వేమన్నా పరాయిదానివా పిలవడానికి?”

“ఒక్క మాట, నెవెంకా. ఒక్క ఫోను. ‘రా అక్కా’ అంటే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా? మా ఇక్కడ తల్లి కూడా కూతురింటికి ఫోన్ చేసి పోతుంది.”

“అయితే అక్కడే ఉండు, ఫోన్లు చేసుకుంటూ.”

అంతే. ఇంత చిన్న మాట. ఏడాదికొకసారి పుట్టినరోజుకు మెసేజీలు పంపుకుంటాం, రెండు పువ్వులు, ఒక కేకు బొమ్మ, అందులో మాటలుండవు. నేను పిలిస్తే దాన్ని పరాయిదాన్ని చేసినట్టని నేను, పిలవకపోతే పరాయిదాన్ని చేసినట్టని అది. సెర్బియా అంతా వెతికినా ఈ కారణంతో తగువు పడ్డ అక్కచెల్లెళ్ళు దొరకరు, సగం జర్మనీవాళ్ళయితే తప్ప. కోపం నాకు ఇంకా ఉంది, దాచుకోవడమెందుకు, నా కోపం నాకిష్టం, చలికాలంలో కాళ్ళదగ్గర పడుకునే పిల్లిలా అలవాటైపోయింది. ఇలా ఉంటే ఎవరో ఒకరు ముందు పోతాం. అప్పుడు రెండోది బస్సెక్కుతుంది, నల్లబట్టలతో, సగం ఖర్చుకు. ఎందుకొచ్చిన ఆలోచన ఇది, కత్తెర ఎక్కడ పెట్టాను, ఒళ్ళోనే ఉంది.

కత్తెర కాదు నన్ను కుదురుగా ఉండనివ్వనిది, జాగోర్కా. మా పెద్దనాన్న కూతురు, ఔగ్స్‌బర్గ్‌లో ఉంటుంది, దాని నోట్లో నువ్వుగింజ నానదు, నిన్న ఫోన్ చేసి ఇంకొకరి కొడుకు విడాకుల గురించి చెబుతూ చెబుతూ, “అన్నట్టు మీ అక్క పరువు తీసింది, నీకు చెప్పలేదా?” అంది. పోయిన నవంబరు సంగతట. అక్క కూడా అరాంజెల్ రోజున రొట్టె చేసుకుంటుందట, కొవ్వొత్తి వెలిగిస్తుందట, ఏటేటా, హెల్ముట్‌కు చెప్పకుండా సెలవు పెట్టి మరీ. వీధి తలుపు దానంతటదే పడి తాళం పడిపోతుంది కదా ఆ అపార్టుమెంట్లలో, అందుకని తలుపు సందులో హెల్ముట్ బూటు ఒకటి అడ్డం పెట్టిందట, కింద గేటుకు ఇంకో బూటు. పొద్దుటినుంచి చీకటిపడేదాకా ఆ తలుపు అలాగే తెరిచి ఉండేసరికి ఎదురింటి ముసలాయన దొంగలు పడ్డారనుకుని పోలీసుల్ని పిలిచాడట. “ఇద్దరు పోలీసులొచ్చి చూస్తే మీ అక్క బల్లదగ్గర కూర్చుని ఉందటే, ఆరుగురికి ప్లేట్లు పెట్టుకుని! కూర్చోమని వాళ్ళకే క్యాబేజీ చుట్టలు పెట్టిందట! తిన్నారట కూడా!” జాగోర్కా పడీపడీ నవ్వింది, నేనూ నవ్వాను, కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాను, ఫోన్ పెట్టేశాక కూడా నవ్వాను, ఒబ్రాద్‌కు చెప్పి మళ్ళీ నవ్వాను. ఒబ్రాద్ నవ్వలేదు. రాత్రంతా నాకు నిద్ర లేదు, ఎందుకు లేదో తెలియలేదు, వెనిస్ టికెట్ల బెంగ అనుకున్నాను.

ఇప్పుడు తెలుస్తోంది, ఈ జిప్పు ముందు కూర్చుంటే, వాన చప్పుడులో. ఆ ఊళ్ళో దానికి స్లావా అంటే తెలిసినవాళ్ళెవరు? హెల్ముట్ బంధువులా, వాళ్ళు నెల ముందు చెప్పి వస్తారు. జాగోర్కానా, దానికి ఆ రోజున డ్యూటీ, అందుకే పోలీసుల సంగతి తర్వాత విన్నది. ఫోన్ చెయ్యకుండా, గంట కొట్టకుండా, తలుపు తోసుకుని రాగలిగే మనిషి ఆ దేశంలో ఒక్కరూ లేరు. ఈ దేశంలో ఒకత్తి ఉంది. పిలవలేదని నామీద కోపం తెచ్చుకున్న మనిషి, నన్ను పిలవకుండా కూర్చుని ఎదురుచూసింది, మా పద్ధతిలో, నాన్న పద్ధతిలో, ఏటేటా, నేను మార్కెట్ వెనక బస్సును చూసి మొహం తిప్పుకుని పోతున్న ఏళ్ళన్నీ. పోలీసులు కాదు రావలసింది. నేను. పిచ్చిముండా, నేనే కదా. అయ్యో అక్కా, ఆ బూటు నాకోసం పెట్టావా. నోటిమీద చెయ్యి పెట్టుకున్నాను, దుకాణంలో ఎవరూ లేరు, అయినా పెట్టుకున్నాను, అరుస్తానని భయమేసింది.

అక్షరాలు తప్పు పడుతున్నాయి, వెనిస్ కొట్టేశాను, పారిస్ కొట్టేశాను, వేసవంతా కూర్చుని ఒకదానికొకటి అతికించిన రైళ్ళన్నీ కుట్టు విప్పినట్టు ఊడి వచ్చేశాయి, అంత కష్టపడ్డానే అని ఒక్క క్షణం ప్రాణం ఉసూరుమంది, మ్యూనిక్ అని కొట్టాను, ఒకవైపే, మన దగ్గరనుంచి సరిహద్దు దాటించే చిన్న రైల్లో సెగెడ్, అక్కడినుంచి బుడాపెస్ట్, ఆ రాత్రి స్టేషన్ పక్కన హాస్టల్లో పైబెర్తు, పొద్దున్నే ఎక్కితే మధ్యాహ్నం తిరిగేసరికి మ్యూనిక్. నవంబరు ఇరవై ఒకటి, అరాంజెల్ రోజు. ఇంకే రోజూ కాదు, ఆ రోజే. ముందురోజు పోతే చుట్టం, ఫోన్ చేసి పోతే అతిథి, ఆ రోజున పోతే ఇంటిమనిషిని. అక్కడినుంచి ఎటు పోవాలో, లిస్బనో మరోటో, ఇద్దరం కూర్చుని చూసుకుంటాం, లేదా అది తలుపు మొహాన వేస్తే నేను ఒక్కదాన్నే చూసుకుంటాను. వెయ్యదు. వేస్తుందేమో. వేస్తే వెయ్యనీ. కార్డు అంకెలు రెండుసార్లు తప్పాయి, మూడోసారి తీసుకున్నాడు. ఈ రైలుకూ ఎర్రక్షరాలు వచ్చాయి, ఒక్క సీటే మిగిలిందట.

దుకాణం తలుపు చప్పుడైంది, ఒబ్రాద్, నేను మరిచిపోయిన గొడుగు పట్టుకుని, తాను తడిసిపోయి. నడవడానికి గొడుగు విప్పుకోవాలని ఈయనకు తోచదు, నా గొడుగు కదా, నాకు తేవాలి, అంతే. నా మొహం చూసి ఆగిపోయాడు.

“ఏమైందే? వేలు కుట్టుకున్నావా?”

“మ్యూనిక్‌కు టికెట్టు కొన్నాను. అరాంజెల్ రోజుకు.”

గొడుగు మూలన నిలబెట్టాడు, అది జారింది, మళ్ళీ నిలబెట్టాడు. బస్సయితే సగం అయ్యేది అంటాడనుకున్నాను. అనలేదు.

“చెప్పావా వదినకు?”

“చెప్పను.”

“మంచిది,” అన్నాడు, ఇంకా గొడుగునే చూస్తూ. “మరి ఇక్కడ? మీ నాన్న కొవ్వొత్తి?”

“నువ్వు వెలిగించు.”

“అల్లుడు వెలిగించడమేమిటే, మీ మేనత్తలు నన్ను బతకనిస్తారా?”

“కూతురు వెలిగిస్తే ఊరుకున్నారుగా, దీనికీ ఊరుకుంటారు. అన్నీ వండి పెట్టి పోతాను, వేడిచేసుకోవడమే. ఇల్లు మాత్రం మూసెయ్యొద్దు ఒబ్రాద్. ఎక్కడికీ కదలొద్దు ఆ రోజు.”

“నువ్వు లేకుండా ఎవరొస్తారు?”

“అది నాకంటే మొండిది. నేను చెప్పకుండా అక్కడికి పోతున్నట్టే, అదీ చెప్పకుండా ఆ రోజే ఇక్కడికి బయల్దేరితే?”

ఒబ్రాద్ తడిసిన టోపీ తీసి చేతుల్లో తిప్పాడు, అంత పెద్ద బస్సులు తిప్పిన మనిషి ఆ టోపీ ఎటు తిప్పాలో తెలియనట్టు తిప్పాడు.

“వస్తే నేనేం చెప్పాలి వదినకు? ఇన్నేళ్ళ తర్వాత?”

“ఏమీ చెప్పకు. ముందు గిన్నెలో సూపు పొయ్యి.”